పురిటికొచ్చిన గూడకొంగలు

శుభకృతు నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ విదియ

ఈ ఏటి నుంచి పక్షుల్ని లెక్కపెట్టే పని నాది కాదట. అటవీ ఆఫీసువాళ్లు ఆకాశంలో ఒక కన్ను పెట్టారు. అది రోజుకోసారి మా పెదలోవ చెరువు మీదుగా పోతూ, ఎన్ని వెచ్చటి ఒళ్లు కనిపిస్తే అన్నీ లెక్కేసి పంపేస్తుంది. "కన్ను చూడలేనివి మీరు రాయండి నీలవేణిగారూ, అలవాట్లూ అవీ" అన్నాడు రేడియోలో కుర్రాడెవరో. నేను ఈ గట్టు మీద నిలబడ్డం మొదలెట్టేనాటికి అతను పుట్టి ఉండడు. సరేనన్నాను. కాదంటే మాత్రం వింటారా.

కన్ను చూడలేనిది ఏమిటంటే, ఈవేళ పొద్దున్నే మా తవిటమ్మత్త రేవులో కూర్చుని ఏడ్చింది. తవిటమ్మత్త మా నాన్నకు అక్క. ఎనభై దాటింది. మాఘం అంతా రోజూ వచ్చి ఆకాశం చూసి వెళ్లింది. ఈవేళ తూర్పు కొండ మీంచి, ముక్కు కింద సంచి వేలాడే గూడకొంగలు వరసగా దిగి తుమ్మల మీద వాలాయి.

"ఒచ్చేరా తల్లీ. ఇంత ఆలీసమైతే ఎలగే? దారిలో ఏటైందోనని సచ్చిపోతన్నాను" అని వాటినే అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది. "ఒలే నీలా, ఎంతమందొచ్చేరే?"

"అరవై పైచిలుకు ఉంటారత్తా."

"నిరుడు నూరు దాటేరు గదే."

నిరుటి సంగతి ఎందుకని నేను మాట మార్చేశాను.

మా ఊరికి గూడకొంగలు పక్షులు కావు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. చెరువు మధ్య తుమ్మల మీద గూళ్లు కట్టుకుని, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక తీసుకుని పోతాయి. తాతల కాలంలో చలికి ముందే వచ్చేవట. కాలాలు అటూ ఇటూ అయ్యాక ఫాల్గుణంలో వస్తున్నాయి. అవి ఉన్నన్నాళ్లూ ఊళ్లో డప్పు మోగదు. పెళ్లయినా మోగదు, చావైనా మోగదు. నా పెళ్లి మేళం లేకుండానే అయిపోయింది. ఆ కాపురం నిలవకపోవడానికి అదే కారణమని మా అత్తగారు చాలాకాలం నమ్మింది.

మొదటి గుంపు వాలిన పొద్దున ప్రతి ఇంటి నుంచీ సారె వెళ్లాలి. బిందెకు పసుపు రాసి, అందులో బతికున్న చేపల్ని వేసి, తీసుకెళ్లి రేవులో వదలాలి. పూర్వం ఒక్క పూటే వదిలేవారు. చెరువులో చెరువు చేప ఉండేది గనక మిగతా రోజులు అవే తినేవి. ఇప్పుడు నీళ్లు కాగిపోయి చెరువుకంటూ చేప లేదు. చేపలున్నది మా పెరటి తొట్లలోనే. అందుకని సారె కూడా రోజూ అయింది. కొంగలు ఎగిరిపోయేదాకా తెల్లారగానే ఇంటికో బిందె.

నేనూ మా తొట్టి మీద గోనెలు తడిపి కప్పాను. చలవ మందు మూతెడు పోసి కలియబెట్టి, సారెకు నాలుగు చేపలు పట్టాను. ఆ మందు ఒక్క పూట మరిచిపోతే మధ్యాహ్నానికి చేపలన్నీ వెల్లకిలా తేలతాయి. ఎండ ముదిరితే లోపలికి పొమ్మని ఊళ్లో సైరను వేస్తారు, ఎండ కూత అంటాం; అది వేసేలోగా ఇంట్లో పడ్డాను. ఈమధ్య కూత మరీ పెందలాడే వేస్తున్నారు. కూత తర్వాత బయటుంటే మనిషి దక్కడు.

ఫాల్గుణ శుద్ధ నవమి

గూళ్లు కట్టేశాయి. కొన్నిట్లో గుడ్లు కూడా ఉన్నట్టున్నాయి, ఆడవి లేవడం లేదు. చెరువు అవతల గడ్డిలో పురుగులు ఏరుకునే చిన్న తెల్లకొంగలు నిరుటికంటే ఎక్కువే ఉన్నాయి. నీటికోళ్లు పిల్లల్ని వేసుకుని తిరుగుతున్నాయి. లకుముకి పిట్ట మాత్రం కనబడి రెండేళ్లయింది. రేవు పక్క కొయ్య మీద కూర్చుని ఉండేది, నన్ను చూసి కదిలేది కూడా కాదు పొగరుబోతు. ఆ కొయ్య ఖాళీగా ఉంది.

నిన్న పొద్దున రేవు దగ్గరి తుమ్మ మీద ఒక గూడకొంగ మెడ వేలాడేసి కూర్చుంది. మొన్న సాయంత్రం కూడా అలాగే ఉంది. చూస్తూ ఉంటే వైకుంఠరావు వచ్చాడు.

ఊళ్లో తొట్లన్నిటికీ చలవ మందు పంచేది వైకుంఠరావే. ఆరేళ్ల కిందట ఆ మందును ఊరికి తెచ్చిందీ అతనే. అంతకుముందు రెండేళ్లు మేం చేప మొహం చూడలేదు. పిల్లల కాళ్లు పుల్లల్లా అయిపోయాయి. అందుకని ఊరు అతణ్ణి నెత్తిన పెట్టుకుంటుంది. అక్క వరసని నన్ను అప్పా అంటాడు, నేను ఒరే అంటాను.

"అలగ మెడేలాడేసిందేటప్పా?"

"నిద్దరోతందేమో. నువ్వెళ్లి జోల పాడరా."

"ఎండదెబ్బే అప్పా. నిరుడూ ఇలగే అయ్యేయి గదా. నీరసం. రెండు సేపలెక్కువేత్తే తేరుకుంతాయి."

ఆ మాటే ఊళ్లో చెప్పాడు. ఈ పొద్దున ప్రతి బిందెలోనూ చేపలు రెట్టింపయ్యాయి. మా పక్కింటివాళ్లు తమ పిల్లలకు కూర మానేసి మరీ తెచ్చారు. నాకు వాళ్లను చూస్తే ముచ్చటేసింది. అలాంటి ఊరు మాది.

ఫాల్గుణ పౌర్ణమి

ఆఫీసు కుర్రాడు రేడియోలో సంతోషంగా ఉన్నాడు.

"మా లెక్కలో అరవై నాలుగుకు అరవై నాలుగూ ఉన్నాయండి. అన్నీ గూళ్లలో కుదురుగా కూర్చున్నాయి. ఈ ఏడు చాలా బాగుందండి."

"అందులో పంతొమ్మిది చచ్చిపోయి కూర్చున్నాయి బాబూ."

"ఒళ్లు వెచ్చగానే చూపిస్తోందండి" అన్నాడు.

"ఈ ఎండకు రాయి కూడా వెచ్చగానే ఉంటుంది."

రాసుకుంటానన్నాడు. రాసుకోడు. పైనున్న కన్ను మాట కంటే గట్టు మీదున్న ఆడదాని మాట ఎక్కువవుతుందా.

తెప్ప వేసుకుని వెళ్లి చచ్చిన వాటిని దింపుతున్నాను. ఒక్కోటి చంటిపిల్లంత బరువు. ముక్కు కింద సంచి ఎండిపోయి చర్మం చెప్పులా అయింది. కొన్ని గుడ్ల మీదే చచ్చాయి. వాటి జత పక్షి పక్కన నిలబడి, రెక్కలు చాపి, ఇంకా గుడ్లకు నీడ పడుతూనే ఉంది. ఆ నీడ పట్టేదాని మెడ కూడా వాలడం మొదలైంది. ఎండదెబ్బ అంటున్నారందరూ. మరి అవతలి గడ్డిలో చిన్న తెల్లకొంగలకు తగలని ఎండ వీటికే ఎందుకు తగులుతుందో నాకు అర్థం కావడం లేదు.

తవిటమ్మత్తకు పంతొమ్మిది అని చెప్పలేదు. ఏడు అన్నాను. ఏడుకే ఆ పూట అన్నం ముట్టలేదు. "కడుపునిండా పెట్టలేకపోతన్నామే" అంది.

ఫాల్గుణ బహుళ తదియ

ఈవేళ చేయకూడని పని చేశాను. పొద్దున దింపిన కొంగను గోనెలో చుట్టి ఇంటికి తెచ్చి, తలుపేసుకుని, కత్తిపీట ముందేసుకున్నాను. చేపను కోసిన చేతికి కొంగను కోయడం పెద్ద కష్టం కాదు. మనసుకే కష్టం. ఆడపిల్ల అని అలవాటైపోయిన దాన్ని కోయలేక రెండుసార్లు లేచి నీళ్లు తాగి వచ్చాను.

లోపల ఎండదెబ్బ లేదు. గుండె మీదా, కార్జం మీదా, అంతటా తెల్లటి పొడి, గోడకు సున్నం కొట్టినట్టు. పీటకు అంటుకుంది, వేళ్లకు అంటుకుంది. గొంతు సంచిలో మింగకుండా మిగిలిన చేప ఒకటి ఉంది. ఆ లోపలి ముక్కల్నీ ఆ చేపనూ ఐసుపెట్టెలో పెట్టి, తెల్లారి బండి మీద పట్నంలో పశువుల డాక్టరు హైమవతిగారికి పంపాలి. ఆవిడ కాస్త మాట వినే మనిషి.

ఫాల్గుణ బహుళ సప్తమి

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దున తొట్టి దగ్గర గోనెలు సర్దుతుంటే హైమవతిగారు రేడియోలోకి వచ్చారు.

"చెరువులో మందేమైనా కలుపుతున్నారా నీలవేణిగారూ?"

"ఎవరూ ఏమీ కలపరండీ. మా ఆడపిల్లల చెరువది. ఉమ్మెయ్యడానికి కూడా దూరం పోతాం."

"మీరు పంపిన చేపలో ఉందమ్మా. కొంగ ఒంట్లోనూ అదే ఉంది. మనిషి తింటే ఏమీ కాదు. చేపకు ఆ మందే ప్రాణం. కానీ గూడకొంగ ఒంట్లోంచి అది బయటికి పోదు. మూత్రపిండాలు ఆగిపోతాయి. లోపలంతా మీరు చూసిన సున్నం పేరుకుంటుంది. ఎంత ఎక్కువ తింటే అంత త్వరగా చస్తుంది. చేపల్ని వేడికి తట్టుకునేలా చేసే మందు అది. మీ దగ్గర ఏమంటారో మరి."

మూత నా చేతిలోనే ఉంది. అందులో చలవ మందు నిండుగా ఉంది.

మందు ఊరికొచ్చి ఆరేళ్లు. కొంగలు తగ్గడం మొదలై ఆరేళ్లు. ఒక్కసారైనా ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదు మేము. మెడ వాలినప్పుడల్లా నీరసం అనుకున్నాం. నీరసం అనుకున్నప్పుడల్లా ఇంకో రెండు చేపలు వేశాం. పురుగులు తినేవి బతికాయి, మా చేతి కూడు తిన్నవి చచ్చాయి. పసుపు రాసిన బిందెలతో, చేతులు జోడించి, పేరుపేరునా పిలిచి మరీ చంపాం. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఫాల్గుణ బహుళ అష్టమి

వైకుంఠరావుకు చెప్పాను. నిలబడినవాడు అక్కడే గట్టు మీద చతికిలబడ్డాడు.

"నానే తెచ్చేనప్పా ఆ మందు" అన్నాడు.

"తెచ్చావు. దాంతోనే మన పిల్లలు బతికారు. ఆ లెక్క తర్వాత చూసుకుందాం. ఇప్పుడేం చేద్దాం?"

"మందు మానేత్తే సాయంత్రానికి తొట్లన్నీ కంపు గొడతాయి. మనోళ్లేటి తింతారు?"

"సారె మానేద్దాం."

సారె మానేస్తే సరిపోదని ఇద్దరికీ తెలుసు. ఇన్నాళ్లూ వదిలిన చేపలు చెరువులో ఉన్నాయి. వల వేసి చూశాం. అవన్నీ తుమ్మ వేళ్ల కిందికి దూరిపోయాయి. వల చిరిగింది, చేపలు పది కూడా పడలేదు. మందు లేని చేపలు పెంచి వేద్దామా అంటే అవి పిల్లలుగా ఉన్నప్పుడే చచ్చిపోతాయి. డాక్టరుగారిని మళ్లీ అడిగాను. సముద్రం ఒడ్డున ఉప్పుటేటి పాయల్లో ఇంకా చేప ఉందట. ఇక్కడ తిండి దొరికినంత కాలం కొంగలు అక్కడికి పోవట. "అక్కడ బతుకుతాయా?" అంటే "తెలీదు. ఇక్కడ చస్తాయని మాత్రం తెలుసు" అన్నారు.

ఎండ కూతకు ముందు రేవులో ఊరందరినీ కూర్చోబెట్టి చెప్పాను. తరిమేయాలి అన్నాను. ఆ మాట అనగానే ఒకావిడ తన బిందెను ఒళ్లోకి లాక్కుంది.

తవిటమ్మత్త లేచింది. "పురిట్లో ఉన్నదాన్ని గడప దాటించీమంటావేటే? గుడ్లున్నాయి గదే. తల్లి లేస్తే ఈ ఎండకి గుడ్లేటవుతాయి?"

"ఉడికిపోతాయత్తా."

"తెలిసే అంటన్నావా?"

"తెలిసే అంటున్నాను."

నా మొహం వైపు చూసింది. అలా చూడ్డం నా జన్మలో ఎరగను. కర్ర పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచారు. ఎవరూ సరే అనలేదు, కాదనీ అనలేదు.

ఫాల్గుణ బహుళ త్రయోదశి

దశమి నాడు, ఎవరూ పిలవకుండానే, ఒక్కో ఇంటివాళ్లూ అటకల మీంచి డప్పులు దించారు. కొన్నిటి చర్మాన్ని ఎలుకలు కొట్టేశాయి. బాగున్నవాటిని తాటాకు మంట మీద కాచారు. కొంగలు ఉండగా డప్పు కాచిన వాసన మా ఊళ్లో ఎవరికీ తెలీదు.

వెలుగొచ్చేసరికి గట్టు పొడుగునా నిలబడ్డాం. తుమ్మల మీద నలభైకి కాస్త తక్కువగా మిగిలాయి. మమ్మల్ని చూసి అవి బెదరలేదు. రోజూ ఆ వేళకు బిందెలతో వస్తాం కదా. నాలుగు కొంగలు నీళ్ల మీదికి దిగి, రేవు వైపు ఈదుకుంటూ వచ్చి, మా ముందు ఆగాయి. సారె కోసం.

వైకుంఠరావు చేతిలో డప్పు ఉంది. పుల్ల ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు. "నా వల్ల కాదప్పా" అన్నాడు. నేను లాక్కుందామని చెయ్యి చాపాను. అబద్ధమెందుకు, నా చెయ్యి కూడా సగంలో ఆగిపోయింది.

అప్పుడు వెనక నుంచి జనం పక్కకు జరిగారు. తవిటమ్మత్త వచ్చింది. ఒక చేతిలో ఇత్తడి పళ్లెం, ఒక చేతిలో గరిటె. అది సారె రోజున పసుపూ కుంకుమా పెట్టుకొచ్చే పళ్లెం.

"నానే రమ్మన్నాను. నానే పొమ్మనాల" అంది. "మీకెందుకా పాపం."

కొట్టింది. మొదటి దెబ్బకు పళ్లెం చేతిలోంచి జారిపోబోయింది. గట్టిగా పట్టుకుని మళ్లీ కొట్టింది. ముందు నాలుగూ నీళ్లు చిమ్ముకుంటూ లేచాయి. తర్వాత తుమ్మలన్నీ ఒక్కసారి ఖాళీ అయినట్టు కనిపించాయి. అప్పుడు వైకుంఠరావు డప్పు మోగింది. అందరివీ మోగాయి.

చుట్టూ తిరిగి మళ్లీ గూళ్ల మీదికే వచ్చాయి. వాలబోయినప్పుడల్లా కొట్టాం. "పొండి తల్లీ, పొండి. ఈ పుట్టిల్లు మంచిది కాదు" అని తవిటమ్మత్త అరుస్తూనే ఉంది. గొంతు పోయింది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఎండ కూత వేసింది. ఎవరూ ఇంటికి పోలేదు. తడి గోనెలు నెత్తిన కప్పుకుని నిలబడ్డాం. ఇద్దరు సొమ్మసిల్లారు. గూళ్లలో తెల్లటి గుడ్లు ఎండకు మెరుస్తూ కనిపించాయి, ఇన్నాళ్లూ వాటిని నేను అంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు.

మర్నాడూ కొట్టాం. ఆ మర్నాడు పొద్దున్నే గుంపు పైకి లేచి, ఒక చుట్టు తిరిగి, తూర్పుకు పోయింది. ఈసారి తిరిగి రాలేదు.

చైత్ర శుద్ధ పాడ్యమి

ఉగాది. పచ్చడి ఎవరూ చేసుకోలేదు. కొత్త సంవత్సరం పేరు శోభకృతు అట, వినడానికి బాగుంది.

ఆఫీసు కుర్రాడు పిలిచాడు. "మీ చెరువులో ఒకటే చూపిస్తోందండి. మిగతావి ఏమయ్యాయి?"

తెప్ప మీద వెళ్లి చూశాను. నడిమి తుమ్మ మీద ఒకటి లేవకుండా ఉండిపోయింది. డప్పులకు లేవలేదంటే ఎప్పుడో చచ్చి ఉంటుంది, లేదా లేవలేక చచ్చి ఉంటుంది. రెక్కలు రెండూ గూటి మీద చాపి ఉన్నాయి. కింద రెండు గుడ్లు. తీసి చూస్తే చేతికి బరువుగా, గట్టిగా తగిలాయి.

"ఒక్కటి కూడా లేదు బాబూ, రాసుకో" అన్నాను. ఈసారి రాసుకున్నాడు.

శోభకృతు నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ తదియ

పక్షులు లేని చెరువుకు మనిషెందుకని ఆఫీసువాళ్లు నన్ను వదిలేశారు. రేడియో పట్టుకుపోయారు. అడిగేవాళ్లు లేకపోయినా రాస్తున్నాను.

వానల్లో కొండవాగు చిన్న పరిగె చేపల్ని తెచ్చి చెరువులో వదిలింది. అవి మా సారె చేపలు కుళ్లి మందు ఇంకిన బురద తినే పెరుగుతున్నాయి. ఇంకో రెండేళ్లయినా ఒక్క కొంగ కూడా ఇక్కడ తినకూడదన్నారు హైమవతిగారు. అందుకని మాఘం నుంచి వంతులేసుకుని గట్టు కాస్తున్నాం. ఈవేళ వంతు నాదీ, తవిటమ్మత్తదీ. ఆమె కళ్లకు పొరలు కమ్మేశాయి, ఏమీ కనిపించదు. వద్దన్నా వస్తుంది.

ముందు విన్నది తనే.

"ఒలే నీలా, రెక్కల సప్పుడు."

తూర్పు కొండ మీంచి వరసగా వస్తున్నాయి. ఎక్కువ లేవు.

"ఎంతమందే?"

"ఇరవై ఉంటారత్తా."

"పిల్లలున్నారేటే?"

చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. వరస చివర మూడింటి ఒళ్లు ఇంకా తెల్లబడలేదు, మట్టి రంగులో ఉన్నాయి. నిరుడు పుట్టినవి. ఇక్కడ పుట్టినవి కావు.

"ఉన్నారత్తా. ముగ్గురు."

"ఎవరింటో పురుడోసుకున్నారన్నమాట" అంది. కళ్లు లేకపోయినా మొహం వాటి వైపే తిప్పుకుంది. అవి తుమ్మల మీదుగా కిందికి దిగాయి. మట్టిరంగు పిల్ల ఒకటి కాళ్లు చాపింది.

"పళ్లెమిలాగియ్యి."

ఇచ్చాను. కొట్టింది. నేను డప్పు అందుకున్నాను. ఇద్దరం ఆగకుండా కొట్టాం. ఆ పిల్ల నీళ్లను తాకీ తాకకుండానే బెదిరి లేచింది. వరస మళ్లీ కూడింది, గట్టు మీదుగా మా నెత్తుల మీంచే పోయింది. శబ్దం తగ్గేదాకా అత్త పళ్లెం దించలేదు.

"పోతా పోతా ఎనక్కి సూసేరేటే?" అని అడిగింది.

"చూశారత్తా" అన్నాను. "అందరూ చూశారు."

తల ఊపి, పళ్లెం కొంగుతో తుడుచుకుంది.

కన్ను చూడలేనివి రాయమన్నారు ఒకప్పుడు. రాస్తున్నాను. ఒక్కటీ వెనక్కి చూడలేదు.